డాక్టరు పేజీ: గోరింట నల్లగా పండదు

ఈ నెల రక్తపోటు గురించి రాస్తామని పోయిన సంచికలో మాట ఇచ్చాం. దాన్ని ఒక నెల వాయిదా వేస్తున్నాం. ఆషాఢం దగ్గరకొస్తోంది. ఆడవాళ్ల గోరింటాకు సరదా మొదలవుతుంది. పైగా బళ్లకు వేసవి సెలవులు, టిక్కెట్లు కొనుక్కుని ఊరికి వెళ్లేవాళ్ల హడావిడి. ఈ రెండింటికీ సంబంధించిన ఒక విషయం ముందుగా చెప్పకపోతే, సెలవుల నుంచి వచ్చాక చెప్పి ప్రయోజనం లేదు.

ఈద్ వెళ్లిన రెండో వారం, దీపావళి వెళ్లిన రెండో వారం, పెళ్లిళ్ల రోజుల్లో ఎప్పుడయినా సరే, మా దగ్గరకు ఒకే రకం జబ్బుతో జనం వస్తుంటారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బడి పిల్లలు, కొత్త పెళ్లికూతుళ్లు. ముంజేతి మీద తీగ ఎలా గీశారో సరిగ్గా అలాగే, ఆకు దగ్గర ఆకులా, పువ్వు దగ్గర పువ్వులా, చర్మం ఎర్రగా ఉబ్బి, పొక్కులు లేచి, రసి కారుతూ ఉంటుంది. చూస్తే ఎవరో అచ్చు కాల్చి వేసినట్టుంటుంది. దురదకు పిల్ల రాత్రిళ్లు నిద్రపోదు. మేము ఏమీ అడగకముందే తల్లో తండ్రో చెప్పే మాట కూడా ఒకటే: "డాక్టరు గారూ, అది గోరింటాకే కదండీ, నేచురల్ అని పెట్టె మీద రాసుంది. ఏ కెమికలూ లేదన్నారండీ!"

ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు గోరింటాకు సంగతి. చెట్టు పేరు శాస్త్రంలో లాసోనియా ఇనెర్మిస్. దాని ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది, ఎండిన ఆకులో సుమారు నూటికి ఒక వంతు, ఒకటిన్నర వంతు. ఆకును నూరి, కాస్త పులుపు తగిలిస్తే అది విడివడి, చర్మం పై పొరలో ఉన్న కెరటిన్ అనే మాంసకృత్తుకు అతుక్కుంటుంది. మన అమ్మమ్మలు చింతపండో నిమ్మరసమో ఎందుకు కలిపేవారో ఇప్పుడు తెలిసింది కదా! వాళ్లు రసాయనశాస్త్రం చదవలేదు గానీ పని మాత్రం సరిగ్గానే చేశారు. అరచేతిలోను, వేళ్ల కొసలలోను పై పొర మందం గనుక అక్కడ బాగా ఎర్రబడుతుంది. ముంజేతి మీద పలచగా ఉంటుంది గనుక అక్కడ రంగు ఎప్పుడూ ఒక పిసరు తక్కువే.

గోరింటాకు "పండింది" అంటాం మనం. ఈ మాటలోనే విషయమంతా ఉంది. పండటానికి కాలం పట్టాలి. రాత్రి పెట్టుకుంటే పొద్దున కడిగేసరికి నారింజ రంగు, సాయంత్రానికి ఇంకాస్త ముదురు, రెండో రోజుకు గానీ అసలు ఎరుపు రాదు. మంచి మొగుడు వస్తాడని అక్కాచెల్లెళ్లు చేతులు పక్కపక్కన పెట్టి చూసుకునేది ఆ రెండో రోజునే. ఎంత బాగా పండినా ఎరుపు, మహా అయితే ఎర్రమట్టి రంగు, గోధుమ రంగు. నలుపు రాదు. ఆకు సోజత్‌ది కానివ్వండి, సూడాన్‌ది కానివ్వండి, యెమెన్‌ది కానివ్వండి, లాసోన్‌కు నలుపు తెలియదు. అరగంటలో కాటుకలాంటి నలుపు వచ్చిందంటే అది పండలేదు. ఎవరో రంగు వేశారు.

ఆ రంగు పేరు పారా ఫినైలిన్ డయమీన్. పేరు పొడుగు గనుక పి.పి.డి. అందాం. తారు సంబంధమైన రసాయనాల కుటుంబంలోది. 1863 ప్రాంతంలో హాఫ్‌మన్ అనే జర్మన్ రసాయనవేత్త దీని గుణాన్ని గుర్తించాడు: గాలి తగిలితే, ఆక్సిజన్ అందితే, గోధుమ రంగు నుంచి నలుపుకు తిరుగుతుంది. ముందు దీన్ని ఉన్ని బొచ్చులకు రంగు వేయడానికి వాడారు. 1907లో పారిస్‌లో యూజీన్ షూలర్ అనే ఆయన కృత్రిమ రంగుతో తలకు వేసే డై తయారుచేసి క్షౌరశాలలకు అమ్మాడు. ఆయన పెట్టిన సంస్థే తరువాత లోరియాల్ అయింది. ఇప్పటికీ ప్రపంచంలో తలకు వేసే శాశ్వతమైన నల్ల రంగుల్లో చాలావాటికి మూలం పి.పి.డి.నో దాని తోబుట్టువో.

దీని చెడు గుణమూ కొత్తగా తెలిసింది కాదు. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు అమ్మారు. అందులో ఉన్నది పి.పి.డి.యే. వాడిన ఆడవాళ్లలో కొందరికి కళ్లు పుండ్లు పడ్డాయి, చూపు పోయింది, ఒకామె మరణించింది కూడా. అప్పట్లో అక్కడి ప్రభుత్వానికి ఆ సరుకును బజారు నుంచి తీయించే అధికారమే లేదు! 1938లో కొత్త చట్టం వచ్చాకే ఆ అధికారం వచ్చింది. అయితే ఆ చట్టంలోనే తల రంగులకు మాత్రం ఒక మినహాయింపు దొరికింది: ముందు పరీక్షించి చూసుకొమ్మనీ, రెప్పలకూ కనుబొమలకూ వేయవద్దనీ, వేస్తే గుడ్డితనం రావచ్చనీ పెట్టె మీద హెచ్చరిక అచ్చు వేస్తే చాలునని. మన దేశంలో 1945 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నియమాలలోనూ ఇలాంటి హెచ్చరికే చేర్చారు, ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషల్లో కూడా ఉండాలన్నారు. మీ స్నానాల గదిలో ఉన్న డై పెట్టె ఒకసారి తిప్పి చూడండి. చీమ తలకాయంత అక్షరాలలో ఆ హెచ్చరిక కనబడుతుంది. ఎంతమంది చదివారో చేతులెత్తమంటే మన సంఘం హాల్లో ఎన్ని చేతులు లేస్తాయో మాకు అనుమానమే.

తలకు వేసుకుంటే ఫరవాలేదా, చేతికి వేసుకుంటేనే తప్పా, అని అడుగుతారు. తలకు కూడా పూర్తిగా నిరపాయం కాదు, కానీ తేడా ఉంది. తల రంగులో పి.పి.డి. ఎంత ఉండాలో లెక్క ఉంది. ఐరోపా దేశాలలో కలిపిన తరువాత తల మీద నూటికి రెండు వంతులు మించకూడదు. దానితో పాటు ఇంకో సీసాలో పెరాక్సైడు ఇస్తారు, అది దీన్ని త్వరగా మార్చేస్తుంది. అరగంటలో కడిగేస్తాం. చర్మం మీద బొమ్మలు వేయడానికి మాత్రం దీన్ని అనుమతించలేదు. అమెరికాలో అయితే అసలు గోరింటాకుకే తలకు వాడటానికి తప్ప చర్మానికి అనుమతి లేదు. ఇక నల్ల గోరింట పెట్టే చోట లెక్కా లేదు, పెరాక్సైడూ లేదు, కడిగేదీ లేదు. ముద్దలో ఓ చెంచా పొడి వేసి కలుపుతారు, గంటల తరబడి చేతి మీద ఆరనిస్తారు.

ఎంత కలుపుతున్నారు? దీనికి మన ఎమిరేట్స్‌లోనే జవాబు ఉంది. ఇక్కడి సెలూన్ల నుంచి, బజారు నుంచి సేకరించిన గోరింట నమూనాలను పరీక్షించి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. నల్ల గోరింట నమూనాలు అన్నిటిలోనూ పి.పి.డి. ఉంది. అతి తక్కువ ఉన్నదానిలో 0.4 శాతం, అతి ఎక్కువ ఉన్నదానిలో 29.5 శాతం. ఈ రెండో అంకె మళ్లీ చదవండి. మూడో వంతుకు కొంచెం తక్కువ. దాన్ని గోరింటాకు అనడం కంటే, గోరింటాకు వాసన పట్టించిన డై అనడం న్యాయం.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాం. ఇది చదివాక పై లెక్కలన్నీ మరిచిపోయినా ఫరవాలేదు.

"కిందటేడు కూడా ఇదే పెట్టించాం డాక్టరు గారూ, అప్పుడేమీ కాలేదే!" అంటారు. కాలేదు, నిజమే. అందుకే ఇప్పుడయింది. మన బిల్డింగులో కూర్చునే నాతూర్‌ను తలుచుకోండి. కొత్తమనిషి మొదటిసారి లోపలికి వెళితే నాతూర్ గొడవ చేయడు, ఎగాదిగా చూసి ముఖం గుర్తు పెట్టుకుంటాడు. వీడు మంచివాడు కాదని ఒకసారి నమ్మాడంటే, రెండోసారి గుమ్మంలోనే పట్టుకుని కేకలు వేసి పది మందిని పోగు చేస్తాడు. మన ఒంట్లో తెల్ల కణాలలో ఒక జాతి సరిగ్గా ఈ నాతూర్ పనే చేస్తుంది. పి.పి.డి. చాలా చిన్న అణువు, చర్మంలోకి సులువుగా దూరుతుంది, అక్కడి మాంసకృత్తులకు అతుక్కుని వాటి రూపు మారుస్తుంది. ఆ మారిన రూపును గుర్తు పెట్టుకోవటానికి కణాలకు వారం, పదిరోజులు పడుతుంది. ఆ లోపల చేతి మీద రంగు ఇంకా మిగిలి ఉంటే అదే బొమ్మ మీద పొక్కులు లేస్తాయి. రెండో వారంలో మా దగ్గరకు జనం రావడానికి కారణం ఇదే. రంగు పోయాక గుర్తుపట్టాయనుకోండి, ఆ ఏటికి ఏమీ కనబడదు. మరుసటేడు పెట్టుకున్న ఒకటి రెండు రోజుల్లోనే పుడుతుంది, అదీ మొదటిదానికంటే ఉధృతంగా.

ఈ గుర్తు పోదు. చర్మం మానుతుంది, మచ్చ పోతుంది, జ్ఞాపకం మాత్రం సాధారణంగా బతికినంత కాలం ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్లకు ఈద్ సరదాకో పెళ్లి సరదాకో ఒక సాయంత్రం పెట్టించిన నల్ల పువ్వు, ఆ పిల్లకు నలభయ్యో ఏట తల నెరిసినప్పుడు తిరిగి వస్తుంది. డై వేసుకున్న మర్నాటికి నుదురు, చెవులు, కనురెప్పలు ఉబ్బి కళ్లు మూతపడి ఆసుపత్రిలో చేరిన వాళ్లలో కొందరిని వెనక్కి అడుగుతూ పోతే, ఎప్పుడో చిన్నప్పటి నల్ల మెహందీ దగ్గర కథ తేలుతుంది. అంతటితో పోదు. పి.పి.డి.ని పోలిన వరుస వస్తువులు కొన్ని ఉన్నాయి, నాతూర్ వాటినీ చుట్టాలుగా అనుమానిస్తాడు: మొద్దుబారటానికి పూసే బెంజోకెయిన్ అనే మందు, కొన్ని నల్లని, ముదురు నీలం బట్టల రంగులు, నల్ల రబ్బరులో కలిపే కొన్ని రసాయనాలు. అందరికీ అన్నీ పడవని కాదు. ఎవరికి ఏది పడదో ముందు చెప్పలేం. అదే బాధ. 2006లో అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి ఆ ఏటి ముఖ్యమైన అలర్జీ వస్తువుగా దీన్ని ఎంచుకుంది. ఏదో ఒక బహుమతి వచ్చింది పాపం!

పిల్లల్లో ఇంకొక బెంగ. పొక్కులు మానాక ఆ బొమ్మ ఉన్న చోట చర్మం తెల్లగా పాలిపోతుంది. మన తల్లులకు గుండె ఆగిపోయేది అక్కడే. "బొల్లి కాదు కదండీ? ఆడపిల్ల, రేపు పెళ్లి కావాలి" అని కంటతడి పెట్టిన అమ్మలను మేము చూశాం. బొల్లి కాదు. వాపు తగ్గాక రంగు కణాలు కొన్నాళ్లు అలిసిపోయి ఉండటం వల్ల వచ్చే తెలుపు అది. సాధారణంగా కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, ఎండ తగలకుండా చూసుకుంటే ఇంకా మంచిది. కొందరికి మాత్రం ఉబ్బెత్తు మచ్చ మిగిలిపోతుంది.

ఇక "నేచురల్", "హెర్బల్", "ఆర్గానిక్" అనే మాటలు. వీటిని చూసి మోసపోయేది చదువుకున్న మనమే ఎక్కువ. చదువులేనివాళ్లు ధర చూసి కొంటారు, మనం అట్ట మీద అక్షరాలు చూసి కొంటాం. కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివిన ఇంజనీర్లు మన సంఘంలో చాలామంది ఉన్నారు. వారికి గుర్తుండే ఉంటుంది, బెంజీన్ ఉంగరం ఉన్న ప్రతి పదార్థమూ ఆర్గానిక్కే. ఆ లెక్కన పి.పి.డి. కంటే ఆర్గానిక్ ఏముంది? ఇదేదో వేళాకోళం కాదు. సౌందర్య సామగ్రి విషయంలో "నేచురల్" అనే మాటకు అమెరికా ఆహార, ఔషధ శాఖ సైతం చట్టపరమైన అర్థం ఏదీ ఇవ్వలేదు. అర్థం లేని మాటను అబద్ధమని రుజువు చేయడం ఎలా?

బజారులో దొరికే "బ్లాక్ హెన్నా", "బ్రౌన్ హెన్నా" పొట్లాలు చూడండి. అట్ట మీద గోరింట కొమ్మ, ఉసిరికాయ, మందారపువ్వు, కుంకుడుకాయ. వెనక పదార్థాల జాబితా చదువుతూ పోతే చివరి వరుసలో మన పాత మిత్రుడు. లోపల గోరింట పొడి ఉండటమూ నిజమే, నలుపు వచ్చేది మాత్రం దానివల్ల కాదు. జాబితాలో పి.పి.డి. అని సూటిగా ఉండకపోవచ్చు. 1,4-డయమినోబెంజీన్ అని, 1,4-బెంజీన్ డయమీన్ అని, సి.ఐ. 76060 అని కూడా రాస్తారు. అన్నీ ఒకటే. టోలుయీన్ డయమీన్ అని ఉంటే అది తోబుట్టువు, పి.పి.డి. పడనివాళ్లలో చాలామందికి అదీ పడదు. అసలు జాబితాయే లేని పొట్లం ఎంత చవక అయినా కొనకండి. ఎరుపు కోన్లలోనూ చిత్రాలు జరుగుతాయి. త్వరగా ఎర్రబడాలని సోడియం పిక్రమేట్ అనే రంగు కలిపేవారున్నారు, ముద్ద జారుగా ఉండాలని కిరోసిన్ వాసన వచ్చే ద్రావకాలు కలిపేవారూ ఉన్నారు.

సెలవు మీద ఊరికి వెళ్లేముందు రోజు మన మగవాళ్లు చేసే పని ఇక్కడే చెప్పాలి. రెండేళ్లకు చూస్తున్న అమ్మకు కొడుకు ముసలివాడైనట్టు కనబడకూడదు! విమానం ఎక్కేముందు రాత్రి తలకూ మీసానికీ రంగు. మీసం ముక్కుకు దగ్గర, పెదవి చర్మం పలచన, పైగా పరీక్షించి చూసుకునే వ్యవధి ఉండదు. శంషాబాదులో దిగేసరికి పై పెదవి వంకాయంత. వేసుకుంటే ప్రయాణానికి వారం ముందే వేసుకోండి. అంతకు రెండు రోజుల ముందు చెవి వెనక చుక్క పెట్టి చూడండి. చుక్క దగ్గర దురద వస్తే ఆ పెట్టె చెత్తబుట్టలో వేయండి. దురద రాకపోతే భయం లేదని మాత్రం అనుకోకండి. నాతూర్ సంగతి పైన చెప్పాం.

ఈ రసాయనం చర్మం దాటి కడుపులోకి పోతే ఏమవుతుందో రాయలసీమ వైపు ఆసుపత్రులలో పనిచేసిన డాక్టర్లను అడగాలి. తిరుపతి, కర్నూలు వార్డులలో తల రంగు తాగిన కేసులు అంతగా వచ్చాయి గనుకనే వైద్య పత్రికలలో దీని మీద ఇంత సాహిత్యం పోగయింది. ముందు మెడ, నాలుక, గొంతు ఉబ్బి ఊపిరి ఆడదు, గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టవలసి వస్తుంది. తరువాత కండరాలు చివికి, మూత్రం నల్లబడి, మూత్రపిండాలు పనిచేయడం మానేస్తాయి. విరుగుడు మందు లేదు. సూడాన్‌లో గోరింటాకును నల్లబరచడానికి ఇదే పదార్థాన్ని రాళ్ల రూపంలో అమ్ముతారు. అక్కడి విషప్రయోగాల గురించి 1983లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. కనుక డై పొట్లాలు పిల్లలకు అందే అరలో ఉండకూడదు. ఇంట్లో ఎవరి మనసయినా బాగోలేదని తెలిసినప్పుడు, వాళ్లతో కూర్చుని మాట్లాడటం మొదటి పని. అసలు అలాంటి వస్తువు ఇంట్లో లేకుండా చూడటం రెండోది. ఆ రెండూ చేసి డాక్టరు దగ్గరకు తీసుకురండి.

ఇంతకూ స్వచ్ఛమైన గోరింటాకు అమృతమేనా? మేము డాక్టరు వృత్తిలో ఉండి ఆకులకు పూజ చేయలేం. జి-6-పి-డి అనే ఎంజైము తక్కువగా పుట్టే పిల్లలు ఉంటారు. ఈ గల్ఫ్ ప్రాంతంలో వాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు, మన దేశంలోనూ ఉన్నారు. వాళ్లకు లాసోన్ చర్మంలోంచి రక్తంలోకి వెళితే ఎర్రకణాలు చిట్లిపోతాయి. ఇక్కడికి గంటన్నర దూరంలో ఉన్న అల్ ఐన్ డాక్టర్లు 2001లో ఇలా ప్రాణం మీదికి వచ్చిన నలుగురు పిల్లల గురించి ఒక బ్రిటిష్ పత్రికలో రాశారు. ఏ రసాయనమూ కలపని ఆకుతోనే ఇది రావచ్చు. అందుచేత చంటిపిల్లలకు, ఎంత ముచ్చటగా ఉన్నా, చేతులకూ కాళ్లకూ గోరింటాకు పెట్టకండి. నలుగు పెట్టి స్నానం చేయిస్తే ఆ ముచ్చట చాలు. పిల్లల పుట్టుక సమయంలో చేసిన రక్తపరీక్షల కాగితం ఉంటే అందులో ఈ ఎంజైము సంగతి ఉందేమో చూడండి. పెట్టాక పిల్ల పాలిపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం టీ రంగులో వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డేరాలో ఉండేవాళ్లకు గుర్తులు చెబుతాం. అల్ రాస్ వైపు స్పైస్ సూక్‌లో గోనెసంచుల్లో పచ్చగా కనబడేది ఆకు పొడి. పచ్చగడ్డి, ఎండుగడ్డి వాసన రావాలి. నల్లగా గానీ, మరీ చిలకాకుపచ్చగా గానీ ఉంటే వద్దు. కొట్టువాడు "ఇది ఖాలీ హెన్నా, మాఫీ కెమికల్" అని ఎంత గట్టిగా అన్నా సరే, ఒక చెంచా తెచ్చి ఇంట్లో నానబెట్టి చూసుకోండి. అరచేతిలో పెట్టిన మచ్చ మొదట నారింజ రంగులో ఉండాలి. మెహందీ పెట్టేచోట ముద్ద బొగ్గులా నల్లగా ఉందా, గంట లోపే రంగు గ్యారంటీ అంటున్నారా, పెట్టే ఆమె చేతులకు తొడుగులు వేసుకుందా - ఈ మూడింటిలో ఏది కనబడినా లేచి వచ్చేయండి. అలమారలో ఏడాది పాటు చెడని కోన్ మీద కూడా అనుమానం ఉండాలి. నిజమైన ముద్ద బయట పెడితే కొద్ది రోజుల్లోనే రంగు ఇచ్చే శక్తి పోగొట్టుకుంటుంది. నిలవ ఉండాలంటే ఫ్రీజరు తప్ప గతి లేదు.

సెలూన్లలో నల్ల గోరింట పెట్టడాన్ని దుబాయి మునిసిపాలిటీ నిషేధించింది. అయితే ఇన్‌స్పెక్టరు సెలూనుకు వస్తాడు గానీ మన ఫ్లాటుకు రాడు కదా! ఇంటికి వచ్చి పెట్టే అమ్మాయిలు, పండగ ముందు రాత్రి బల్ల వేసుకుని కూర్చునే వాళ్లు అతని కంటికి అందరు. వాళ్ల మీద కోపం పెట్టుకోవడం మాకు ఇష్టం లేదు. నలుపు అడిగేది మనమే. ఫోటోలో బాగా కనబడాలని, పన్నెండు గంటలు కూర్చునే ఓపిక లేదని అడుగుతాం. ఆ అమ్మాయి చేతులు మనందరికంటే ఎక్కువ సేపు ఆ ముద్దలో ఉంటాయి. ముందు జబ్బు పడేది కూడా ఆమే. క్షౌరవృత్తిలో ఉన్నవాళ్ల చేతుల తామరకు ఈ రంగులు పాత కారణం. "ఎరుపే పెట్టు తల్లీ, నలుపు వద్దు" అని మనం ముందే చెబితే ఆమెకూ హాయి.

ఇప్పటికే పెట్టించుకుని దురద మొదలయితే సబ్బుతో చల్లని నీళ్లతో కడగండి. రంగు పోదు, పైన మిగిలింది పోతుంది. గీరుకోకండి, పసుపు, సున్నం, టూత్‌పేస్టు వగైరా ఇంటి వైద్యాలు పూయకండి. ఊరి నుంచి తెచ్చుకుని సొరుగులో దాచుకున్న ట్యూబులు పిల్లల చర్మానికి రాయకండి. వాటిలో కొన్నింటిలో ఎంత బలమైన స్టెరాయిడ్ ఉంటుందో తెలిస్తే మీరే పారేస్తారు. డాక్టరు చూసి, సరైన బలం ఉన్నది, సరైనన్ని రోజులకే ఇస్తారు. ముఖం ఉబ్బినా, గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా అపాయింట్‌మెంటు కోసం చూడకండి, 998కి ఫోను చేసి అంబులెన్సు పిలవండి. తగ్గాక చర్మవైద్యుని దగ్గర పాచ్ టెస్టు చేయించుకోవాలి. వీపు మీద చిన్న పట్టీలు అంటించి రెండు రోజుల తరువాత చూస్తారు. పి.పి.డి. పడదని తేలితే ఆ మాట ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, పంటి డాక్టరుకు, సెలూనుకు, ఆపరేషను చేసే డాక్టరుకు చూపండి.

పడదని తేలినవాళ్లు తల నెరిస్తే ఏం చేయాలి, అని ఒక సోదరి కిందటి నెల అడిగారు. రెండు దార్లు. గోరింట పొడి వేసి కడిగి, ఆ మీదట నీలి ఆకు పొడి వేసుకుంటే నలుపుకు దగ్గరగా వస్తుంది. శ్రమ ఎక్కువ, ఆదివారం అంతా పోతుంది, నీలి పొడి పొట్లంలో కూడా పి.పి.డి. కలిపారేమో జాబితా చూసుకోవాలి. రెండో దారి, నెరిసిన తల నెరిసినట్టే ఉంచుకోవడం. దీనికి ఖర్చు లేదు. మాకు మాత్రం రెండోదే నచ్చుతుంది గానీ, ఇది వైద్యం కాదు, అభిరుచి.

మన సంఘం ఆషాఢం కార్యక్రమంలో గోరింటాకు బల్లకు బజారు కోన్లు కొనడం ఈ ఏడు వద్దని మహిళా విభాగం వారిని మేము కోరాం. కొందరికి నచ్చలేదు. అంతమందికి నూరేదెవరు, పిల్లలు గంటల తరబడి కూర్చుంటారా, అన్నారు. న్యాయమైన ప్రశ్నలే. మాకు తోచిన ఏర్పాటు ఇది. వంద గ్రాముల ఆకు పొడికి నిమ్మరసం పోసి గరిటజారుగా కలిపి, చెంచాడు పంచదార, నాలుగు చుక్కల నీలగిరి తైలం వేసి, మూత పెట్టి ఒక రాత్రి ఉంచాలి. పొద్దున జల్లించిన గుడ్డలో వడగట్టి కోన్లు చుట్టి ఫ్రీజరులో పెట్టుకుంటే కార్యక్రమం నాటికి సిద్ధం. నలుగురు ఇళ్లలో చేస్తే అందరికీ సరిపోతుంది. పిల్లలకు అరచేతిలో చందమామ, వేళ్లకు టోపీలు పెడితే చాలు, పది నిమిషాల పని, ఇంటికి వెళ్లి పడుకునేదాకా ఉంచుకుంటారు. బాల్కనీలో గోరింట మొక్క ఉన్న రెండు మూడు కుటుంబాల వారు ఆకు ఇస్తామన్నారు. రోలు ఉన్నవారు ఎవరయినా ఉంటే కార్యదర్శి గారికి చెప్పండి.

వచ్చే నెల రక్తపోటు. సుర్మాలో సీసం గురించి అడిగిన వారికి ఆ పైనెలలో జవాబు రాస్తాం. ఈలోగా పిల్లల కళ్లకు సుర్మా పెట్టడం ఆపండి.